ఐదు సాక్ష్యాలు చాలవు

32 రెండ్లను వరసగా గుణించి ఒకటి కలిపితే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297 వస్తుంది. లెక్కల్లో దేన్ని, ఎప్పుడు నమ్మాలో నాకు నేర్పిన సంఖ్య ఇదే.

దీని కథ ఫ్రాన్సులో మొదలైంది. టులూజ్‌లో న్యాయాధికారిగా ఉంటూ తీరిక వేళల్లో గణితం చేసిన ఫెర్మా ఒక వరసను గమనించాడు. 2తో మొదలుపెట్టి వర్గం చేస్తూ పోతే 4, 16, 256, 65536 వస్తాయి. 2తో సహా ప్రతిదానికీ 1 కలిపితే 3, 5, 17, 257, 65537. ఐదూ ప్రధాన సంఖ్యలే. వరసంతా ఇంతేనని ఆయన 1640లో నమ్మాడు. రుజువు మాత్రం తన దగ్గర లేదన్నాడు.

ఆరోది మన సంఖ్య. వరసంతా ప్రధాన సంఖ్యలేనా అన్న ప్రశ్నను 1729లో గణితజ్ఞుడు గోల్డ్‌బాక్ తోటి గణితజ్ఞుడు ఆయిలర్ ముందు పెట్టాడు. 641ని 67,00,417తో గుణిస్తే సరిగ్గా ఇదే వస్తుందని 1732లో ఆయిలర్ చూపాడు. ప్రధాన సంఖ్యల్లో 641 నూటపదహారోది. కానీ మన సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే 1 మిగలాలని ఆయిలర్ తర్వాత నిరూపించాడు. ఆ లక్షణం ఉన్నవాటిలో 193, 257, 449, 577 దాటగానే 641 ఎదురవుతుంది. నూటపదహారు భాగహారాల పని ఐదుకు తగ్గింది.

నేనూ కాగితం మీద భాగించి చూశాను. శేషం సున్నా. అయినా మనసు నిండలేదు. 641 ఎందుకు? భాగహారం దానికి బదులు చెప్పదు. బదులు 641 లోనే ఉంది. అది 640కి ఒకటి ఎక్కువ. 625, 16ల మొత్తం కూడా. 640 అంటే ఐదు నూట ఇరవై ఎనిమిదులు. కాబట్టి 640 నాలుగో ఘాతం అంటే 28 రెండ్ల లబ్ధానికి 625 రెట్లు. ఆ 625ను 641లోంచి 16 తీసేసినదిగా రాద్దాం. 16లోని నాలుగు రెండ్లు ఆ 28తో చేరి 32 అవుతాయి. అంటే 640 నాలుగో ఘాతానికి 32 రెండ్ల లబ్ధం కలిపితే, ఆ మొత్తం 641తో శేషం లేకుండా పోతుంది. 640 నాలుగో ఘాతాన్ని 641తో భాగిస్తే మిగిలేది 1. కాబట్టి ఆ లబ్ధానికి 1 కలిపినా శేషం ఉండదు.

ఇది అర్థమైన రోజు కలిగిన ఆనందం వేరు. సరిచూసినప్పుడు ఫలితం తెలిసింది. కారణం దొరికినప్పుడు అది నాదైంది. అప్పటినుంచి ఏ లెక్కలోనైనా జవాబు సరిపోయాక కూడా ఎందుకని అడగడం అలవాటు చేసుకున్నాను. పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్లు ఆ ఒక్క ప్రశ్నకు చోటిస్తే చాలని నా కోరిక.

ఫెర్మా వరసలో 65537 తర్వాత మరో ప్రధాన సంఖ్య ఇంతవరకూ దొరకలేదు. ఆరోదానితో మొదలుపెట్టి వరసగా ఇరవై ఎనిమిదీ సంయుక్త సంఖ్యలే. ఇక ముందున్నవన్నీ అంతేననిపిస్తుంది. కానీ ఐదింటిని చూసి నమ్మొద్దని నేర్పిన సంఖ్య, ఇరవై ఎనిమిదింటిని చూసి నమ్మమని చెప్పదు. రుజువు వచ్చేదాకా ఆ ప్రశ్న తెరిచే ఉండాలి.