రెండు నగరాలు – మూడు గడియలు

దూరమన్నది ఒక్కటే అయినా, కొలిచేవారిని బట్టి దాని స్వరూపం మారుతూ ఉంటుంది. భూగోళ శాస్త్రజ్ఞుడు దానిని కిలోమీటర్లలో కొలుస్తాడు. బాటసారి గంటలలో కొలుస్తాడు. చరిత్ర మాత్రం మనుషుల మధ్య ఉన్న నమ్మకంతో కొలుస్తుంది. ఈ మూడు కొలతల అంతరం నాకు లండన్, పారిస్ నగరాల నడుమ ప్రయాణించినప్పుడు స్పష్టంగా గోచరించింది.

ఆకాశమార్గాన ఆ రెండు నగరాల మధ్య దూరం సుమారు 340 కిలోమీటర్లు. విమానం గాలిలో ఉండేది గంటలోపే అయినా, సమయపట్టిక చూపేది ఇంచుమించు గంటా పావు. మన పూర్వుల లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు; అనగా ఇది మూడు గడియల ప్రయాణం. నేను ఉదయం పది గంటలకు లండన్‌లో బయలుదేరి పారిస్‌లో దిగేసరికి అక్కడి గడియారం పన్నెండుంబావు చూపింది. తిరుగు ప్రయాణంలో పదింటికి బయలుదేరి పదింబావుకే లండన్‌లో దిగాను! పారిస్ నగరం గ్రీనిచ్ రేఖకు సమీపంలోనే ఉన్నప్పటికీ, 1940లో జర్మన్ల ఆక్రమణ కాలంలో దాని గడియారం ఒక గంట ముందుకు జరిగింది. యుద్ధానంతరం కూడా ఆ మార్పు నిలిచిపోయింది. సైన్యాలు వెళ్లిపోయినా, అవి మార్చిన కాలమానం ఇంకా ప్రయాణికుల చేతి గడియారాలను దిద్దుతూనే ఉంది.

ఈ నగరాలున్న దేశాలను వేరు చేసేది ఇంగ్లిష్ ఛానల్. డోవర్ వద్ద దాని వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు మాత్రమే. 1909 జూలై 25న లూయీ బ్లేరియో అనే ఫ్రెంచి వైమానికుడు సుమారు 37 నిమిషాలలో దానిని విమానంపై దాటాడు. 1919 ఆగస్టు 25న లండన్ నుండి పారిస్‌కు దైనందిన విమానయానం ప్రారంభమైంది. ఆనాటి తొలి విమానంలో ప్రయాణికుడు ఒక్కడే. పట్టిన కాలం సుమారు రెండున్నర గంటలు.

గగనాన దారి అంత త్వరగా ఏర్పడినా, సముద్రగర్భాన దారికి మాత్రం దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది. 1802లోనే ఆల్బర్ట్ మాత్యూ అనే ఇంజనీరు సొరంగాన్ని ప్రతిపాదించాడు. 1880ల ఆరంభంలో రెండు తీరాలలోనూ తవ్వకం మొదలైంది. కాని ఆ దారిన శత్రుసేనలు రాగలవన్న భయంతో 1882లో బ్రిటన్ పనిని ఆపించింది. రాతిపొరలు ఆపని పనిని అనుమానం ఆపింది. రెండు దేశాలూ 1986లో ఒప్పందం చేసుకున్న పిమ్మట పని మళ్లీ సాగి, 1990 డిసెంబరు 1న ఇరువైపుల కార్మికులు సముద్రగర్భాన చేయీ చేయీ కలిపారు. ఆ సొరంగం 1994లో ప్రారంభమైంది. నేడు రైలు ఒక నగర మధ్యభాగం నుండి మరొక నగర మధ్యభాగానికి సుమారు రెండుంబావు గంటలలో చేరుస్తుంది. విమానాశ్రయానికి వెళ్లే సమయం, తనిఖీలు, నిరీక్షణ కలుపుకొంటే విమానం ఆదా చేసే గంట కరిగిపోతుంది.

2020లో బ్రిటన్ ఐరోపా సమాఖ్య నుండి వైదొలగింది. దరిమిలా సరిహద్దు వద్ద ప్రయాణపత్రాల పరిశీలన మునుపటి కంటె కఠినమైంది. రైలు వేగం తగ్గలేదు, సముద్రం వెడల్పు పెరగలేదు. అయినా వరుసలో నిలబడే కాలం పెరిగింది.

విద్యార్థులారా! యంత్రాలు కిలోమీటర్లను నిమిషాలుగా మార్చగలవు. ఆ నిమిషాలు మనవి కావాలంటే మాత్రం, ఆవలి ఒడ్డున ఉన్నవారిని విశ్వసించడం మనమే నేర్చుకోవాలి.