మంచు – మామిడిపూత

పుష్యమాసం వచ్చిందంటే నూజివీడు ప్రాంతపు మామిడి రైతు తెల్లవారుజామున లేచి మొదట చూసేది ఆకాశాన్ని కాదు, తోటలోని చివరి వరుసను. ఆ చెట్లు కంటికి ఆనితే ఆ రోజుకు ఊరట. ఆనకపోతే మంచు దిగిందని అర్థం. పూత మీద మంచు నిలిస్తే ఏమవుతుందో ఆ నేలపై పుట్టిన పిల్లలకు ఎవరూ నేర్పనక్కరలేదు. గాలిలో తేమ పెరిగి బూడిద తెగులు పుడుతుంది. తేనెమంచు పురుగు పూగుత్తులలో చేరి రసం పీలుస్తుంది. అది విసర్జించే జిగురు ఆకులపై నూనె పూసినట్లు మెరుస్తుంది. ఆ మెరుపు మీద నల్లని మసి పేరుకొంటుంది. నిన్నటిదాకా చెట్టును కప్పిన పూత మాడి నేలరాలుతుంది. ఆ జిగురుకు మావారు పెట్టుకొన్న పేరు తేనెమంచు. అంత తీయని పేరు అంత చేదు వస్తువుకు ఎలా అతికిందా అని చిన్నప్పుడు ఆశ్చర్యపడేవాణ్ణి.

1987లో నేను ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాను. అప్పటికి నూజివీడు కృష్ణా జిల్లాలో ఉండేది. 2022లో ఏలూరు జిల్లాలో చేరింది. ఆ యేడు మా నాన్నగారు చిన్న రసాలు, బంగినపల్లి చెట్లున్న ఒక తోటను గుత్తకు తీసుకొన్నారు. పూత రాకముందే సొమ్ము చెల్లించాలి. కనుక అది అప్పు తెచ్చిన సొమ్ము. సంక్రాంతి ముందు పూత విరగబూసింది. ఆ తరువాత వరుసగా తొమ్మిది రోజులు మంచు కురిసింది.

సరిగ్గా ఆ రోజులలోనే మా ఆంగ్ల అధ్యాపకులు జాన్ కీట్సు శరదృతువుపై వ్రాసిన కవితను తరగతిలో చదివి వినిపించారు. అది మాకు పాఠ్యాంశం కాదు. ఆయనకు ఇష్టమైన కవిత. కీట్సు మొదటి పాదంలోనే మంచును, పండిన ఫలాల సమృద్ధిని ఒకచోట కూర్చాడు. ఆ తరువాత శరత్తును సూర్యుని ఆప్తమిత్రంగా భావించి, ఆ ఇరువురూ కలిసి చెట్లను పండ్లతో ఎలా నింపాలా అని మంతనాలాడుతున్నారని ఊహించాడు. ఈ వర్ణనలోని సొగసును గురించి పదిపంక్తులు వ్రాసి తెమ్మన్నారు. నేను నాకు తెలిసింది వ్రాశాను. మంచు ఫలానికి శత్రువనీ, ఈ కవి ఎన్నడూ తోట ముఖం చూసి ఉండడనీ, లేదా రైతును ఎగతాళి చేస్తున్నాడనీ వ్రాశాను. ఆయన నా కాగితాన్ని బిగ్గరగా చదివారు. తరగతి అంతా నవ్వింది. మార్కుల స్థానంలో సున్న చుట్టి, "కవిత్వం నీకు పడదోయ్, పురుగుమందుల దుకాణం పెట్టుకో" అన్నారు.

ఆ సాయంత్రం తోటలో నాన్నగారు మందుపంపు భుజానికెత్తుకొని అలసిపోయి వచ్చి గట్టుమీద కూర్చున్నారు. జరిగింది చెప్పాను. ఆయనా నవ్వుతారనుకొన్నాను. నవ్వలేదు. కొంతసేపు ఊరకుండి, "ఒరే అబ్బాయ్, ఆ దేశంలో పూత ఏ నెలలో వస్తుందిరా?" అని అడిగారు.

నాకు తెలియదు. మా నాన్నగారు అయిదవ తరగతితో చదువు మానినవారు. ఆంగ్లం అటుంచి, తెలుగు కవిత్వం కూడా పురాణ కాలక్షేపంలో విన్నదే. కాని మా తరగతి గదిలో ఎవరికీ తోచని ప్రశ్న ఆయనకు తోచింది. మరునాడు గ్రంథాలయంలో విజ్ఞాన సర్వస్వం తిరగేశాను. ఇంగ్లాండులో ఆపిలు చెట్లు ఏప్రిల్, మే నెలలలో పూస్తాయి. కాయ ఎదిగి పండేది సెప్టెంబరు, అక్టోబరులలో. అక్కడి శరత్కాలపు మంచు పూతను తాకదు. అది వచ్చేసరికి కాయలు బరువెక్కి కొమ్మలు వంగి ఉంటాయి. మన మామిడి పూసేది డిసెంబరు నుండి ఫిబ్రవరి దాకా, పండేది ఎండలలో. మంచు మనకు పూతమీద పడుతుంది, వారికి పండుమీద పడుతుంది. ఉన్న తేడా అంతా ఇదే. కీట్సు తోట చూడనివాడూ కాడు, రైతును వెక్కిరించినవాడూ కాడు. 1819 సెప్టెంబరులో వించెస్టరు పట్టణ పరిసరాలలో నడుస్తూ కోతలు ముగిసిన పొలాలను చూసి, ఆ మోళ్ళు వెచ్చగా కనబడుతున్నాయని మిత్రునికి జాబు వ్రాశాడు. ఆ నడకలోనే ఈ కవిత పుట్టింది.

మోళ్ళు వెచ్చగా ఉండడమేమిటి? ఇక్కడ కూడా నేను చాలాకాలం ఆగిపోయాను. మన భాషలో మేలైనదంతా చల్లనిదే. చల్లని తల్లి, చల్లని చూపు, కడుపు చల్లగా, నీ నోటి చలువ. ఆంగ్లంలో ఆదరణ వెచ్చనిది, నిరాదరణ చల్లనిది. ఏడాదిలో అధికభాగం చలికి ముడుచుకొనే ప్రజలకు సూర్యుడు ఇంటికి వచ్చిన చుట్టం. మనకు రోహిణీ కార్తెలో ఆయన ఋణదాత. షేక్స్పియరు తన సానెట్లలో ఒకచోట ప్రియమైన వ్యక్తిని వేసవి దినంతో పోల్చడానికి పూనుకొని, వేసవి అంత సౌమ్యమైనది కాదని ఆ పోలికను తానే తోసిపుచ్చాడు. మన ఊరిలో ఎవరినైనా 'నువ్వు మే నెలలా ఉన్నావు' అంటే తగవుకు వస్తారు. నిఘంటువు ఈ చిక్కును విప్పదు. విప్పకపోగా మరింత బిగిస్తుంది. శరత్తు అని తెనిగించగానే మనకు వెన్నెల గుర్తుకు వస్తుంది, అరణ్యపర్వంలో నన్నయ వర్ణించిన శారదరాత్రులు గుర్తుకు వస్తాయి. మంచు మన లెక్కలో హేమంతానిది. ఆకు రాలడం శిశిరానిది. ఆంగ్లేయుల శరత్తులో వెన్నెల కంటె మంచు, రాలే ఆకులు, పండిన తోటలు ముఖ్యం. మాట ఒకటే అయినా ఋతువు వేరు.

ఆ కవిత రెండవ భాగంలో శరత్తు ఒక మనిషిలా కనబడుతుంది. ధాన్యపు కొట్టులో నేలమీద తీరికగా కూర్చొని ఉంటుంది, తూర్పారపట్టే గాలికి దాని జుట్టు ఎగురుతూ ఉంటుంది. సగం కోసిన చాలులో నిద్రపోతుంది. ఆపిలు రసం తీసే గానుగ వద్ద చివరి బొట్లు కారేదాకా ఓపికగా చూస్తూ ఉంటుంది. కవి 'ఈమె ఒక స్త్రీ' అని ఎక్కడా చెప్పడు, చేష్టలను మాత్రం చెబుతాడు. మన ఆలంకారికులు సమాసోక్తి అన్నది దీనికి దగ్గరది. ప్రస్తుతమైన వస్తువును వర్ణిస్తూ ఉండగానే అప్రస్తుతమైన మరొకరి నడవడి దానిపై స్ఫురించాలి. లక్షణాన్ని అలంకార గ్రంథాలలో చాలాకాలం తరువాత చదువుకొన్నాను. లక్ష్యం మాత్రం మా పెరటిలోనే ఉండేది. పెద్ద రసాల రసం పిండి చాపమీద పొర తరువాత పొర పరచి, తాండ్ర ఎండేదాకా చేతికర్రతో కాకులను తోలుతూ కునికిపాట్లు పడే మా నాయనమ్మను తలచుకొంటే కీట్సు శరత్తు నాకు తేటగా కనబడింది. తమ ఇంటి ముసలమ్మలను చూడకుండా అలంకార లక్షణాలు వల్లెవేసే విద్యార్థులను చూస్తే నాకు జాలి కలుగుతుంది.

ప్రకృతికి మనుష్య భావాలు అంటగట్టడాన్ని జాన్ రస్కిన్ 1856లో ఒక దోషంగా నిరూపించాడు. సముద్రపు నురగను క్రూరమైనదని ఒక రచయిత అన్నందుకు ఆయన అభ్యంతరం చెప్పాడు. నురగకు క్రౌర్యం లేదు, అది శోకంలో ఉన్న మనస్సుకు తోచిన భ్రాంతి అన్నాడు. ఆయన అన్నది అబద్ధం కాదు. కాని ఆ మాటను అంతకు వేయేండ్లకు పైగా ముందే కాళిదాసు మేఘసందేశంలో తన మీద తానే వేసుకొన్నాడు. పొగ, వెలుగు, నీరు, గాలి కలిసిన మేఘం ఎక్కడ, ప్రాణులు మోయదగిన సందేశం ఎక్కడ అని అడిగి, విరహి అయినవాడికి చేతనాచేతన వివేకం ఉండదని తానే సమాధానం చెప్పి, ఆ తరువాత నిశ్చింతగా కావ్యం నడిపాడు. నేను కాళిదాసు పక్షం. దానికి మరొక కారణం కూడా ఉంది. ఆ మేఘం దారిలో ఆమ్రకూటమనే కొండ వస్తుంది. దాని చరియలన్నీ పండిన మామిళ్ళతో మెరుస్తూ ఉంటాయి. కొనమీద నల్లని మేఘం నిలిచినప్పుడు ఆ పాండువర్ణపు కొండ భూదేవి వక్షస్థలంలా ఉంటుందంటాడు కవి. ఆషాఢంలో పండ్లు ఇంకా కొమ్మలపైనే ఉన్న తోటపై మబ్బు పట్టినప్పుడు మా నేలపై ఎవరికైనా ఈ ఉపమానం టీక లేకుండానే అందుతుంది. ఒక ఆంగ్ల బాలునికి మాత్రం దీనికి పుట నిండా వివరణ కావాలి. విశ్వనాథ సత్యనారాయణ ఒక వాగును కోడలుపిల్లగా మార్చి వ్రాసిన కిన్నెరసాని పాటలకైనా అంతే.

నాలుగు రోజుల తరువాత నేను కీట్సు కవితపై మళ్ళీ పది పంక్తులు వ్రాసి తీసుకొనివెళ్ళాను. రెండు దేశాల పూతకాలాలను పక్కపక్కన పెట్టి వ్రాశాను. అధ్యాపకులు చదివి ఏమీ అనలేదు. సున్నను కొట్టివేసి తొమ్మిది వేశారు. తోట సంగతి అలా సర్దుకోలేదు. ఆ యేడు కాపు నాలుగోవంతు కూడా రాలేదు. గుత్త అప్పు తీరడానికి మూడేండ్లు పట్టింది. మా నాన్నగారు అమ్మ గాజులు తాకట్టు పెట్టి నన్ను బి.ఏ.లో చేర్చారు.

మార్కులు చెప్పిన రోజు సాయంత్రం కూడా ఆయన తోటలోనే ఉన్నారు. మసిపట్టిన పూగుత్తిని వ్రేళ్ళతో నలిపి చూస్తున్నారు. "ఆ కవి రైతు కుటుంబంవాడా?" అని అడిగారు. కాదని, తండ్రి గుర్రపుశాల నడిపేవాడని, తాను వైద్యం చదువుకొన్నాడని చెప్పాను. "ఎన్నాళ్ళు బతికాడు?" అన్నారు. క్షయవ్యాధితో ఇరవై అయిదేండ్లకే, 1821 ఫిబ్రవరిలో పోయాడని చెప్పాను.

నాన్నగారు చేతిలోని పూతను నేలపై విడిచి, "పూతలోనే రాలిపోయాడన్నమాట" అన్నారు. మళ్ళీ మందుపంపు భుజానికెత్తుకొని మిగిలిన వరుసల వైపు నడిచారు.