పాముపిల్ల ఆకలి

ఏదెను తోట కథ వింటూ పెరిగిన మన ఇళ్లలో పాము పేరెత్తితే ముందు కర్ర కోసం వెతుకుతారు. అటువంటి ఒక ఇంట్లో పాముపిల్ల ఆకలిని గూర్చి వచ్చిన చింత మీకు తెలియజేస్తున్నాను.

మా సంఘంలోని ఒక అబ్బాయి హైదరాబాదులో చదువుకుంటున్నాడు. డిసెంబరు సెలవులకు అచ్చంపేట దగ్గరి తన ఊరికి ఒక బాల్ పైథాన్ పిల్లను తెచ్చాడు. ఇది ఆఫ్రికా కొండచిలువ జాతి. విషం లేదు, భయపడితే బంతిలా చుట్టుకుంటుంది. రెండు వారాలు అది ఏమీ ముట్టలేదు. నాయనమ్మ గిన్నెలో పాలు పోసి పెట్టింది. తల్లి నన్ను పిలిపించింది. నేను, అబ్బాయి కలిసి పశువుల డాక్టరు గారి దగ్గరకు వెళ్లాము.

పాలు పాముకు ఆహారం కాదు, అరగవు. మంచినీళ్లు చాలునని ఆయన చెప్పారు. పిల్లపాముకు వారానికొకసారి, దాని ఒంటి లావుకు మించని చిట్టెలుక చాలు. చేలో పట్టిన ఎలుక మందు తిన్నదై ఉండవచ్చు. బ్రతికున్న ఎలుక పామునే కొరకవచ్చు. అందుకే చంపి గడ్డకట్టించిన ఎలుకను కరిగించి, గోరువెచ్చగా పెట్టాలి. తిన్నాక రెండు రోజులు పట్టుకోరాదు, కక్కేస్తుంది. కళ్లు మసకబారితే కుబుసం విడవబోతున్నదని గుర్తు. అప్పుడు సాధారణంగా తినదు. త్వరగా పెరగాలని ఎక్కువ పెడితే కొవ్వు పడుతుంది. బరువు తూచి వ్రాసుకుంటే ఎదుగుదల తెలుస్తుంది.

పాము ఒళ్లు తనంతట వేడెక్కదు. పెట్టెలో ఒక పక్క 31, 32 డిగ్రీలు, మరో పక్క 26 వరకు ఉండాలి. మా పాలమూరు చలిలో గచ్చు మీది పెట్టెకు ఆ వేడి ఎక్కడిది? వెచ్చదనం, దాక్కునే గూడు ఏర్పాటు చేసి, అందరూ తొంగిచూడటం మానేశాక తొమ్మిదవ రోజున తిన్నది.

అప్పుడు తల్లి అడిగింది: "అయ్యగారూ, వీడు హాస్టలుకు పోతే దీనికెవరు పెట్టాలె?" ఇది 20, 30 ఏళ్లు బ్రతికే ప్రాణి. నల్లమలలో వదిలేద్దామన్నారు ఎవరో. అది ఈ అడవి జీవి కాదు, వదలరాదు. 2024 నియమాల ప్రకారం ఇటువంటి విదేశీ జంతువులను నమోదు చేయించాలి. అబ్బాయి ఆ కాగితాలు చూపించాడు. మన అడవి కొండచిలువనైతే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టి పెంచడం నేరం. చేలో కనబడితే అటవీశాఖకు కబురు చేయాలి.

నాయనమ్మ పాలు పోసినది ప్రేమతోనే. అయితే ఎదుటి ప్రాణి ఆకలి ఎటువంటిదో నేర్చుకోనిదే ప్రేమ కడుపు నింపదు. ఇప్పుడు శనివారం శనివారం ఆ పిల్లను తూచి నోటుబుక్కులో వ్రాస్తున్నది ఆ తల్లే.