ఇంజను వెనకుంటే వాసన ఆలస్యంగా వస్తుంది

పొంగల్ పోస్టు తర్వాత మళ్లీ ఏమీ రాయలేదేమని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర, మా అమ్మాయి ఇంట్లో రెండు నెలలు ఉండి వచ్చాం. కోటలు, చర్చిలు, చాక్లెట్ల గురించి వెళ్లొచ్చిన వాళ్లందరూ రాస్తారు. నేను ఒక పాత కారు వాసన గురించి రాస్తాను. నవ్వుకుంటే నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి. ఎప్పుడూ చెప్పేదే మళ్లీ చెబుతున్నాను: నేను చదివింది తమిళ మీడియం. ఇంట్లో మాట్లాడింది తెలుగు, రాయడం మాత్రం రిటైరయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి.

ముందు నా ముక్కు సంగతి చెప్పాలి. 2021 మే నెలలో నాకు కరోనా వచ్చింది. జ్వరం పది రోజుల్లో పోయింది, దాంతోపాటు వాసన కూడా పోయింది. చాలామందికి నెలా రెండు నెలల్లో తిరిగొచ్చింది. నాకు రాలేదు. ఆరు నెలల తర్వాత కొంచెం వచ్చింది గానీ తారుమారుగా వచ్చింది. ఫిల్టర్ కాఫీ కాలిన రబ్బరులా ఉండేది. ఉల్లిపాయ వేయిస్తే లేచి బయటికి పోయేవాణ్ణి.

ఆ ఏడాదే ఒకరోజు పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. నేను నాలుగడుగుల దూరంలో కూర్చుని పేపరు చదువుతున్నాను. వంటగ్యాసుకి సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని ఎథిల్ మెర్కాప్టన్ అనే కంపు మందు కలుపుతారు. ఆ కంపు మేడమీద బట్టలు ఆరేస్తున్న మా ఇంటావిడకి తెలిసింది, పక్కనే ఉన్న నాకు తెలియలేదు. ఆమె పరిగెత్తుకొచ్చి గ్యాసు కట్టేసింది, కిటికీలన్నీ తెరిచింది. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు నుంచి పొయ్యి వెలుగుతుంటే నన్ను ఇంట్లో ఒంటరిగా వదలడం మానేసింది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఎందుకంటే రైల్వేలో నా ముక్కుకి కాస్త పేరుండేది. నేను క్లర్కుని, ఇంజను నడిపినవాణ్ణి కాదు. అయినా స్టేషన్లో పనిచేసేవాడు దాటిపోయే గూడ్సుని చూడకుండా ఉండడు. పాత వ్యాగన్లకు ఇరుసు పెట్టెలో నూనెలో తడిపిన నూలు పీచు కూరేవారు. అది ఎండి ఇరుసు వేడెక్కితే పొగకంటే ముందు వాసన వస్తుంది. దాన్ని హాట్ ఆక్సిల్ అంటాం. అలా రెండుసార్లు నేను చెబితే స్టేషన్ మాస్టరు ముందు స్టేషనుకి కబురు చేశారు. రెండుసార్లూ నిజమైంది.

ఎవరో చెబితే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. మందేమీ లేదు, ముక్కుకి కసరత్తు చేయించండి అన్నారు. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ నాలుగూ రోజుకి రెండుసార్లు పీల్చాలి. జర్మనీలోని డ్రెస్డెన్ డాక్టర్లు 2009లో చూపించిన పద్ధతట. యూకలిప్టస్ అంటే మన నీలగిరి తైలమే కదా. మేట్టుపాళయంలో కొన్నేళ్లు ఉద్యోగం చేసినవాడికి అది మందు కాదు, ఊరి గాలి. మూడేళ్లు చేశాను. లవంగం వచ్చింది, నిమ్మ వచ్చింది. మిగతావి వచ్చాయో రాలేదో నాకే నమ్మకం లేదు.

ఇక కారు. అమ్మాయి వాళ్ల పక్కింట్లో ఒక పెద్దాయన ఉన్నారు, నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. ఆయన దగ్గర 1980ల నాటి పోర్షె 911 కారెరా ఉంది. నేను రైల్వేవాణ్ణని అల్లుడు చెప్పగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఒక ఆదివారం పొద్దున సోలిట్యూడ్ అడవి రోడ్ల మీద తిప్పుకొచ్చారు. 1965 దాకా అక్కడ మోటారు పందేలు జరిగేవి.

ఈ కారుకి ఇంజను వెనక ఉంటుంది, వెనక చక్రాలకూ వెనక. ఇది ఆ ఇంటి వంశాచారం. బీటిల్ కారు రూపొందించిన ఫెర్డినాండ్ పోర్షె ఇంజను వెనక పెట్టారు. ఆయన కొడుకు ఫెర్రీ కాలంలో వచ్చిన 356కీ వెనకే. మనవడు గీసిన 911 1963లో జనం ముందుకొచ్చింది, దానికీ వెనకే. పైగా 1998 దాకా 911 ఇంజనుకి రేడియేటరు నీళ్లు లేవు. ఒక పెద్ద ఫ్యాను గాలి, పది లీటర్లకు పైగా నూనె, ఈ రెండే దాన్ని చల్లబరచాలి. మన ఇళ్లలో కారుకి నాలుగు లీటర్ల నూనె చాలు. అంత నూనె కాగుతుంటే వాసన రాకుండా ఉంటుందా?

అయితే నడుస్తున్నప్పుడు ఆ వాసన తెలియదు, గాలి వెనక్కి లాక్కుపోతుంది. పొద్దున చలికి పెద్దాయన హీటరు తిప్పినప్పుడు మాత్రం కొంచెం తెలిసింది. ఆ కారులో వేడిగాలి పొగగొట్టాల చుట్టూ ఉన్న రేకు తొడుగుల్లోంచి వస్తుంది. ఇంజను మూతల సందుల్లోంచి ఒక్క చుక్క నూనె ఆ తొడుగు మీద పడినా, వేడిగాలితోపాటు లోపలికి కమురు వాసన వస్తుంది. తోలు సీట్లు, పాత తివాచీ, దానిమీద ఈ కమురు. "దీనికోసమే చాలామంది ఈ కారు కొంటారు" అన్నారాయన ఇంగ్లీషులో. నాకు అది లీలగా తగిలింది. నిజంగా తగిలిందా, ఆయన చెప్పినందుకు తగిలినట్టనిపించిందా అనుకున్నాను.

నాకు మాత్రం మన కొండరైలు గుర్తొచ్చింది. మేట్టుపాళయం నుంచి కూనూరు ఎక్కేటప్పుడు ఆవిరి ఇంజను వెనకుండి తోస్తుంది. ముందు పెట్టెలో కూర్చున్నవాళ్లకు కొండా లోయా తప్ప ఏమీ తెలియదు. హిల్‌గ్రోవ్‌లో నీళ్లకు ఆగగానే వెనకనుంచి పొగ, ఆవిరి, కాగిన నూనె అన్నీ కలిసి పెట్టెల్లోకి వస్తాయి. ఇంజను వెనకున్న బండికి వాసన ఆలస్యంగా వస్తుంది, ఆగాకే వస్తుంది.

ఇంటికొచ్చి షెడ్డులో పెట్టి ఇంజను ఆపారు. లోహం చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. వెనకవైపుకి వెళ్లి నిలబడ్డాను. అప్పుడు వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి. మొదట వేడి రేకు వాసన, ఖాళీ దోసె పెనం కాగినట్టు. తర్వాత చమురు, తర్వాత కమురు. చక్రాల దగ్గర వంగితే బ్రేకుల వాసన, ఘాటు దిగొచ్చిన కొండరైలు పెట్టె కింద నిలబడినట్టే. నాలుగేళ్ల తర్వాత ఏ వాసన ఏదో విడివిడిగా చెప్పగలుగుతున్నాను. కళ్లల్లో నీళ్లొచ్చాయి. పొగకేమో అనుకుని ఆయన తలుపు ఇంకొంచెం తెరిచారు.

తమిళంలో వాసనై అంటే మంచిదే, చెడ్డదైతే నాట్రం అంటారు. ఒకప్పుడు నాట్రం అంటే కూడా సువాసనే, వాడుకలో చెడిపోయింది. తెలుగులో వాసన అంటే రెండూను. ఆ షెడ్డులో నాకు తెలుగు మాటే సరిపోయింది.

ఇంతలో ఇంకొకటి తగిలింది. సన్నగా, తియ్యగా, ముక్కు పైభాగంలో కుట్టినట్టు. పెట్రోలు. పెట్రోలు ట్యాంకు ఆ కారుకి ముందుంటుంది, నేను నిలబడింది వెనక. "పెట్రోలు వాసన వస్తోంది సార్" అన్నాను. ఆయన వంగి పీల్చి తల అడ్డంగా ఊపారు, పాత కారు ఇలాగే ఉంటుందన్నారు. నాకు చెమట పట్టింది. నా ముక్కు సంగతి నాకు తెలుసు కదా. కాఫీని రబ్బరనుకున్న ముక్కు ఇది. ఊరుకుంటే మర్యాద నిలుస్తుంది. కానీ గ్యాసు కట్టేసి నన్ను చూసిన మా ఇంటావిడ మొహం గుర్తొచ్చింది. "దయచేసి మూత తీసి చూడండి" అని మళ్లీ అన్నాను.

ఆయన టార్చి తెచ్చి చూశారు. ఇంజను పైన పెట్రోలు గొట్టం ఒకచోట తడిగా ఉంది. వెంటనే బ్యాటరీ తీగ విప్పేశారు. మర్నాడు మెకానిక్కు వచ్చి ఆ రబ్బరు గొట్టం కోసి చూపించాడు. వంపు దగ్గర చీలికలు. ఆ కార్లలో గొట్టం ముసలిదైతే చుక్కలు వేడి ఇంజను మీద పడతాయి, అలా కాలిపోయిన కార్లున్నాయి అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ షెడ్డు గాలి పీల్చిన పెద్దాయన ముక్కుకి ఆ పెట్రోలు అలవాటైపోయింది. నా ముక్కుకి అన్నీ కొత్తే. పోగొట్టుకున్నందువల్ల ఆ ఒక్క మేలు జరిగింది. ఆయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పాత బండ్లున్నవాళ్లు, పాత స్కూటరైనా సరే, ఇంజను ఆపాక రెండు నిమిషాలు పక్కన నిలబడండి. చమురు వాసనైతే తీరిగ్గా చూపించుకోవచ్చు, పెట్రోలు వాసనైతే మళ్లీ స్టార్ట్ చేయకండి. మీ ముక్కు మీద నమ్మకం లేకపోతే బయటివాళ్లని పిలిచి అడగండి.

ఊరికొచ్చి మూడు వారాలైంది. మొన్న శుక్రవారం మా ఇంటావిడ గుడికి బయలుదేరుతూ గుమ్మం దగ్గర ఆగింది. "ఏమండీ, పొయ్యి మీద పాలున్నాయి, చూస్తూ ఉండండి" అంది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది, వెనక్కి తిరిగి చూడలేదు.

పాలు పొంగకముందే కట్టేశాను.