కెమెరా కన్నూ నా కన్నూ

వాస్తవికత గురించి మన సభల్లో వాదించుకున్నంతగా మరి దేన్ని గురించీ వాదించుకోలేదు. ఆ వాదంలో ఎవరో ఒకరు లేచి ఫోటోను సాక్ష్యానికి పిలుస్తారు. ఫోటో అబద్ధమాడదని ఒకరంటే, రచయిత వట్టి ఫోటోగ్రాఫరు కాకూడదని యింకొకరంటారు. యీ యిద్దరిలో ఏ ఒక్కరూ కెమెరా చేతబట్టి ఎరగరేమోనని నా అనుమానం. కొన్నేళ్ళుగా ఒక పాత కెమెరాతో అవస్థ పడుతున్నవాణ్ణి కనుక ఆ అవస్థను గూర్చి నాలుగు మాటలు చెప్పదలిచాను.

దాని పేరు మాస్క్వా-5. మాస్కో దగ్గర క్రాస్నగోర్స్కు కర్మాగారంలో 1956 నుంచి 1960 దాకా తయారయింది. జర్మనీలో జైస్ సంస్థ చేసిన సూపర్ ఐకాంటా దీనికి నమూనా. మా పెదనాన్న లుముంబా విశ్వవిద్యాలయంలో చదువు ముగించుకుని వస్తూ అక్కడ ఎవరో వాడి అమ్మినదాన్ని కొని తెచ్చుకున్నాడు. ఆయన పోయాక ట్రంకుపెట్టె అడుగున, సోవియట్ పుస్తకాల కింద దొరికింది.

మీట నొక్కితే ముందు తలుపు తెరుచుకుని, కొలిమితిత్తిలాంటి మడతల తిత్తి సాగి, కటకం ముందుకొచ్చి నిలబడుతుంది. ఫిల్ముచుట్టకు ఎనిమిదే బొమ్మలు. ఒక్కొక్కటీ ఆరు సెంటీమీటర్ల వెడల్పు, తొమ్మిది పొడవు. మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ము బొమ్మకంటే వైశాల్యంలో ఐదు రెట్ల పైమాటే. వెనక ఎర్ర అద్దపు కన్నంలో అంకె కనిపించేదాకా చుట్ట తిప్పాలి. తర్వాత షట్టరును వేరే బిగించాలి. వెలుతురును కొలిచే సాధనం దీంట్లో లేదు, అంచనా వేసుకోవలసిందే. పెదనాన్న కాలంలో ఊటీ నుంచి 'ఇందు' ఫిల్ము వచ్చేది. ప్రభుత్వరంగంలోని హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ 1967లో వుత్పత్తి మొదలుపెట్టింది. ఆ కర్మాగారం మూతబడింది. అది వేరే వ్యాసం కావలసిన సంగతి. నేను విదేశీ ఫిల్ము కొనుక్కుంటాను, కనుక ప్రతి బొమ్మకూ ముందు జేబు తడుముకుంటాను.

ఇక అసలు విషయం. బొమ్మ తీసే కటకంలోంచి మనం చూడం. పైన వున్న వేరే కిటికీలోంచి చూస్తాం. దూరం కొలిచే కన్నంలో ఒకే మనిషి రెండు బొమ్మలుగా కనిపిస్తాడు. చక్రం తిప్పుతూ పోతే రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అప్పుడు కటకం ఆ మనిషికి సరిపోయినట్టు. మిగతావాళ్ళ గతి ఏమిటో యీ కిటికీలు చెప్పవు. వాటిలో దగ్గరివాడూ స్పష్టమే, దూరపువాడూ స్పష్టమే. మసక వెలుతురులో కటకం పూర్తిగా తెరిచి రెండు గజాల దూరాన్నుంచి తీస్తే, ఫిల్ము మీద స్పష్టంగా పడేది జానెడు లోతు కూడా వుండదు.

2018లో మా కళాశాలలో శ్రామిక జీవితం మీద ఒక ప్రదర్శన పెట్టాలనుకున్నాం. మంగళగిరిలో తెలిసిన ఒక నేతగాడి యింటికి కెమెరా పట్టుకుని వెళ్ళాను. గుంటమగ్గం. పైన ఒక్క గవాక్షం. ఆయన ఆ కెమెరాను అటూ యిటూ తిప్పి చూసి, "మీరొక కన్నంలోంచి, అదొక కన్నంలోంచి చూస్తుంటే ఎవరి చూపు ఫోటోలో పడుద్ది మాస్టారూ?" అన్నాడు. నేను నవ్వి వూరుకున్నాను. కెమెరాను పీటమీద ఆనించి, మగ్గంమీద వున్న ఆయన చేతిని చూసుకుని బొమ్మలు రెంటినీ కలిపాను. యిరవై ఐదో వంతు సెకను. వెనక మూలన ఆయన భార్య రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నది. కిటికీలో ఆమె, ఆయనంత తేటగానూ కనిపించింది.

ప్రదర్శనలో ఆ ఫోటో కింద 'నేతన్న' అని రాశాం. అందరూ మెచ్చుకున్నారు. ప్రతి ఒకటి తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన తన చేతిని చూసుకుని మురిసిపోయాడు. ఆమె చాలాసేపు చూసి, "నేనేదండీ యిందులో?" అన్నది. వేలు పెట్టి చూపించాను. ఆవిరి పట్టిన అద్దంలో నీడలాగా వున్నది.

"మగ్గం ఫోటో గదే అది, నువ్వెందుకు?" అన్నాడు ఆయన.

"కండె లేకపోతే నీ మగ్గం ఏం నేస్తది?"

నేను కటకాన్ని గురించీ వెలుతురును గురించీ చిన్న వుపన్యాసం యిచ్చాను. నా మాట నాకే నచ్చలేదు. చక్రం తిప్పింది నా వేలు. ఆ యింట్లో చీరకింత అని కూలీ ఆయన చేతికి వస్తుంది. కండెలు చుట్టినందుకు వేరే పద్దు లేదు. మజూరీ లెక్క వేసేవాడు ఎక్కడ కళ్ళు పెట్టాడో, శ్రమను గురించి కళాశాలలో గంటలకొద్దీ మాట్లాడే నేనూ అక్కడే పెట్టాను.

సరే, ఆమెదే తీస్తాను, రాట్నం దగ్గర కూర్చోమన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "పొద్దస్తమానం కూర్చునేది అక్కడేగా. ఫోటోలో గూడా కూర్చోమంటారా?" అని లోపలికి వెళ్ళి, గంజిపెట్టిన చీర కట్టుకుని వచ్చి వసారాలో మంచం మీద చేతులు వొళ్ళో పెట్టుకుని కూర్చున్నది. లోలోపల విసుక్కున్నాను, యిందులో శ్రమ ఎక్కడుంది, దీన్ని ఏ ప్రదర్శనలో పెడతాం అని. చుట్టలో మిగిలింది ఎనిమిదో బొమ్మ ఒక్కటే. తీశాను. వసారా వెలుతురు మంచిది. కటకం బాగా మూసి తీయడానికి వీలయింది. ఆ బొమ్మను పెద్దది చేస్తే చీర అంచు పోగులు లెక్కపెట్టవచ్చు. కుడిచేతి చూపుడువేలి మీద నూలు కోసిన గీతలు కూడా కనిపిస్తున్నాయి. మంచం ఎదుట నిలబడి తీస్తున్నప్పుడు అవి నాకు కనిపించలేదు.

అయినా దాన్ని ఎక్కడా పెట్టలేదు, వాళ్ళకొక ప్రతి యిచ్చి వూరుకున్నాను. ఇటీవల విద్యార్థులు మళ్ళీ ప్రదర్శన అంటే పాత నెగెటివులు వెతుకుతూ వుండగా, ఒక అమ్మాయి దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, యిది పెడదాం సార్ అన్నది. కింద ఏమని రాయాలి? 'నేతన్న భార్య' అన్నాడొక కుర్రవాడు. 'శ్రమజీవి' అన్నాడింకొకడు. నిన్న మంగళగిరి వెళ్ళి ఆమెనే అడిగాను. ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పి, "ఆయన ఫోటో కింద గూడా పేరు లేదంట, అదీ రాయండి" అన్నది. కాగితం కోసం వెతుక్కుంటూ వుంటే ఫిల్ముడబ్బా అందించి, దానిమీదే రాసుకోమన్నది.