వాక్కాయ గింజ ఆగదు

అందానికీ కాపలాకీ పనికొస్తుందని పెరటి కంచె పొడవునా ఈ వానల్లో వాక్కాయ గింజలు నాటాం. కాయ నల్లగా పండాక గింజ తీసి, గుజ్జు కడిగి, వెంటనే మట్టిలో పెట్టాలి. వడ్లలాగా వచ్చే ఏడాదికి దాచుకునే విత్తనం కాదిది. నిలవుంటే మొలకశక్తి త్వరగా పోతుంది. మొలిచాక మాత్రం నిదానమే, కాపుకి రెండు మూడేళ్లు చూడాలి. (ముళ్లు మాత్రం ముందే వస్తాయి!) ఆ ఓపిక మనకుంది. విన్న వాక్యం ఆ రోజే చేయడానికే మనకు తీరిక దొరకదు. గట్టు తగాదాతో మాటల్లేని అన్నదమ్ములు మన సంఘంలోనే ఉన్నారు. క్రిస్మస్‌కి కలుస్తాంలే అంటున్నారు. అర్పణ బలిపీఠం దగ్గరే విడిచి ముందు సహోదరుని దగ్గరకు వెళ్లమని మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పారు. అన్నా, ఈ ఆదివారం కానుక సంచి మీకోసం కాసేపు ఆగుతుంది. వెళ్లి రండి.