నానీ పక్కన చుక్కల గీత

జుమ్మా నమాజ్ అయి మస్జిద్ మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. మా ఊళ్లో ఖబర్లు తవ్వే చాచా. ఆయన నంబరు కనిపిస్తే చాలు, ఎవరు పోయారో అని గుండె దడదడలాడుతుంది. ఆ రోజు సలాం కూడా చెప్పకుండా, "బేటా, మీ నానీ మీద ముగ్గు పోశారురా" అన్నాడు.

మాది చిలకలూరిపేట దాటి మార్టూరు వైపు పోతుంటే రోడ్డుకి లోపలగా ఉండే చిన్న ఊరు. ఖబరస్తాన్‌కి ఒక పక్క పత్తి చేను, ఇంకో పక్క మిర్చి కల్లం. జనాజా నమాజ్ చదవడానికి నీడ లేదని కమిటీ వాళ్లు చందా వసూలు చేసి ఒక షెడ్ వేద్దామనుకున్నారు. నేను గుంటూరులో ఆటోక్యాడ్ మీద ఇళ్ల ప్లాన్లు గీసి బతికేవాణ్ణి కాబట్టి డ్రాయింగు నా వంతు. ఫీజు వద్దు, సవాబ్ చాలు అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ షర్మిందాగా ఉంటుంది.

మాది నల్లరేగడి. ఆ మట్టి సంగతి మీకు తెలిసిందే. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది, వానాకాలం ఉబ్బి కాలికి అంటుకుంటుంది. ఖబర్ మీద పోసిన మట్టి నాలుగైదు వానాకాలాలు తిరిగేసరికి కుంగి నేలలో కలిసిపోతుంది. మా ఊళ్లో పక్కా ఖబర్లు కట్టే రివాజు లేదు. పాత ఖబర్లు ఎక్కడిదాకా ఉన్నాయో చాచాకే తెలుసు. సర్వేయర్ వచ్చినప్పుడు ఆయన కర్ర పట్టుకుని ముందు నడిచాడు. "ఇక్కడ ఫలానా వాళ్ల దాదీ, ఇక్కడ ఇద్దరు పసిపిల్లలు, ఇక్కడ మీ నానీ" అంటూ కర్ర ఆన్చిన చోటల్లా టోటల్ స్టేషన్‌తో పాయింట్ తీసుకున్నారు. ఆ పాయింట్లు కలిపితే పాత ఖబర్ల హద్దు వచ్చింది. సర్వేయర్ దాన్ని చుక్కల గీతగా ఇచ్చాడు. పైకి కనపడదు గానీ ఉంది అని చెప్పడానికి మా పనిలో చుక్కల గీతే వాడతాం.

దాన్ని కాపీ కొట్టి నా షెడ్ డ్రాయింగులో పేస్ట్ చేశాను. మీటర్లలో ఉన్నదాన్ని నా మిల్లీమీటర్లకు సరిపోయేలా వెయ్యి రెట్లు పెంచి ప్రింట్ తీశాను. అందులో అది నిండు గీతగా వచ్చింది, పక్కనున్న గోడ గీతల్లాగే. షెడ్ దగ్గర దాదాపు తిన్నగానే ఉంది కూడా. నేను చూసుకోలేదు. మేస్త్రీ గోడ అనుకున్నాడు. అతని తప్పేముంది?

బస్సు దిగి ఊరు చేరేసరికి అసర్ వేళయింది. చాచా ముగ్గు గీత మీదే కూర్చుని ఉన్నాడు. గడ్డపార ఒక్క పోటు పడి ఆగింది. నల్లరేగడిలో పునాది అంటే లోతుగా దిగాల్సిందే. ఆ లోతులో ఏం తగిలేదో ఆలోచించడానికి నాకు ధైర్యం చాలలేదు. మేస్త్రీ కాగితం తీసి, "నువ్వు గీసిందే కదా భాయ్" అన్నాడు. కింద నా పేరే ఉంది.

ఇషా తర్వాత సిస్టమ్ ముందు కూర్చున్నాను.

మొదటి గల్తీ లేయర్ దగ్గర దొరికింది. సర్వేయర్ గీత 'బౌండరీ' అనే లేయర్‌లో ఉంది, ఆ లేయర్‌కు అతను 'హిడెన్' లైన్‌టైప్ పెట్టుకున్నాడు. గీతకు సొంత రూపం లేదు, లేయర్ ఎలా చెబితే అలా. దీన్నే బైలేయర్ అంటారు. నా ఫైల్లోనూ 'బౌండరీ' లేయర్ ఉంది, నా లెక్కలో అది ప్రహరీ గోడ, నిండు గీత. రెండిటి పేరూ ఒకటే అయితే ఆటోక్యాడ్ ఇంట్లో ఉన్నవాడి మాటే ఉంచుతుంది, వచ్చినవాణ్ణి అడగను కూడా అడగదు. కాలే మస్తాన్ షా దర్గా ఉన్న గుంటూరులో సందుకో మస్తాన్ వలీ ఉంటాడు. పొరుగూరి మస్తాన్ వలీ చుట్టపుచూపుగా వచ్చి ఉన్నప్పుడు ఎవరైనా "మస్తానూ" అని కేకేస్తే పలికేది మా వీధి మస్తానే కదా! లైన్‌టైపులకూ, బ్లాకులకూ, టెక్స్ట్ స్టైళ్లకూ ఇదే కానూన్.

సరే అని గీతను పట్టుకుని ప్రాపర్టీస్‌లో హిడెన్ పెట్టాను. అయినా నిండు గీతే! జూమ్ చేసుకుంటూ పోగా పోగా ఆవగింజల్లాంటి తునకలు కనిపించాయి. మెట్రిక్ లైన్‌టైప్ ఫైల్లో హిడెన్ అంటే 6.35 తునక, 3.175 ఖాళీ. నా డ్రాయింగు మిల్లీమీటర్లలో ఉంది, ఎల్‌టీస్కేల్ 1. 1:100 ప్రింటులో ఆ తునక మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు, కంటికేం ఆనుతుంది? ఆ ఒక్క గీతకు లైన్‌టైప్ స్కేల్ 50 ఇచ్చాను. కాగితం మీద మూడు మిల్లీమీటర్ల పైచిలుకు తునక, ఒకటిన్నర పైచిలుకు ఖాళీ వచ్చాయి. ఎల్‌టీస్కేలే 50 చేయొచ్చు కదా అంటారేమో. అది ఫైలు మొత్తానికి ఒకటే. మారిస్తే నేను విడివిడిగా స్కేలు ఇచ్చుకున్న మిగతా గీతలన్నీ పాడవుతాయి. పైగా అది గీతతో పాటు కాపీ అయి రాదు.

ఇంకా ఒక చోట మాత్రం నిండుగానే ఉంది. అక్కడ చాచా కర్రను దగ్గర దగ్గరగా, అడుగుకొకటి ఆన్చాడు. పసిపిల్లల ఖబర్ల దగ్గర. పాలీలైన్‌లో ప్రతి మలుపు దగ్గరా తునకల లెక్క మళ్లీ మొదలవుతుంది, పాయింట్ల మధ్య చోటు చాలకపోతే నిండుగా గీసేస్తుంది. లైన్‌టైప్ జనరేషన్ ఎనేబుల్ చేశాక గీత మొదటి నుంచి చివరిదాకా ఒకే లెక్కన నడిచింది.

ఇప్పుడైతే కాపీ కొట్టేముందే, తెచ్చుకున్న ఫైల్లో రినేమ్ కమాండుతో లేయర్ పేరు 'ఖబర్ హద్దు' అని మారుస్తాను. ఆ పేరుగలవాళ్లు నా ఫైల్లో ఎవరూ ఉండరు కాబట్టి దాని రూపం దానితోనే వస్తుంది. గీత పక్కన తెలుగులో మాట కూడా రాస్తాను. ఇంకొకరి గీతను తెచ్చుకున్నామంటే దాని అర్థం కూడా మన దగ్గర అమానతే.

ఆదివారం కొత్త ప్రింటు పట్టుకెళ్లాను. గడ్డపార దిగిన చోట మట్టి సర్ది, నీళ్లు చల్లి, ఫాతిహా చదివాను. మేస్త్రీ కొత్త ముగ్గు అవతల పోశాడు. చాచాకు చదవడం రాదు. కాగితం మీద చుక్కల గీత వెంట వేలు జరుపుతూ, "నా కర్ర ఆన్చిన చోటే ఉందా?" అని అడిగాడు.

"అక్కడే ఉంది చాచా."

ఆయన వేలు నానీ దగ్గర కాసేపు ఆగి, పిల్లల వైపు కదిలింది.